అరువు గరిటె

పదకొండు రోజుల పర్యటనకి
పురపాలక సంఘం నాకిచ్చింది ఒక సూట్‌కేసు,
ఒక దుబాసీ,
తిరిగొచ్చాక నింపాల్సిన ఒక ఫారం.
"ఏం నేర్చుకున్నారు?" అన్న గడిలో
రెండు గీతలే ఉన్నాయి.

నేను చూసింది ఇంతే.
జపాన్‌లో, మంచు కురిసే ఓ చిన్న ఊళ్లో
మధ్యాహ్నం పన్నెండుంపావుకి
తెల్లటోపీలు పెట్టుకున్న ఏడేళ్ల పిల్లలిద్దరు
చారు గిన్నెను చెరో చెవీ పట్టుకుని
తరగతిలోకి మోసుకొచ్చారు.
కొంచెం ఒలికింది. ఎవరూ అరవలేదు.
వడ్డించినవాడే తుడిచాడు.
పంతులమ్మ పిల్లల కుర్చీలో కూర్చుని
మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే
అదే చారు తాగింది.
ఏ పిల్ల ఎవరి పిల్లో
గిన్నెలు చూసి పోల్చుకోవడం నాకు చేతకాలేదు.

అక్కడే, ఆ ఆవిరిలో,
మా బడి కుళాయి గుర్తొచ్చింది.

మాది జార్జియాలో మాంగనీసు గనుల లోయ.
నది నల్లగా పారుతుంది,
తెల్లబట్ట ఆరేస్తే బూడిదరంగులో చేతికొస్తుంది.
గంట కొట్టగానే డబ్బులున్న పిల్లలు
గేటు బయటి కొట్టుకి, వేడి జున్నురొట్టెకి.
లేనివాళ్లు కుళాయికి.
సాబా అనే పిల్లాడు కడుపునిండా నీళ్లు తాగి
చొక్కాచేత్తో మూతి తుడుచుకుని
"ఆకలి లేదు టీచర్" అనేవాడు.
ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని,
ఆ లెక్క తప్పని తెలిసీ
రోజూ దానికి రైటు కొట్టాను.

సభలో ఇదంతా చెప్పాను.
గోచా నవ్వాడు:
"పొరుగింటి పుల్లకూర రుచి, ఎటేరి గారూ!
వాళ్లది వరి నేల, మనది ద్రాక్ష నేల."
"మా పిల్లలేమన్నా హోటలు సర్వర్లా?" ఇంకెవరో.
వెనక బెంచీలోంచి వాలికో లేచాడు,
గనికి రెండు వేళ్లు ఇచ్చొచ్చిన మనిషి.
"ఒకప్పుడు మాస్కో నుంచి వచ్చేవి కాగితాలు,
ఎంత తవ్వాలో, దేనికి చప్పట్లు కొట్టాలో.
ఇప్పుడు ఇంకో సముద్రం అవతల్నించా?"

నోట మాట రాలేదు.
ఆ రాత్రి మెట్లు దిగుతుంటే దొరికింది జవాబు,
నాకు దొరికేవన్నీ మెట్ల మీదే.
ఆజ్ఞ తలుపు తట్టదు, వాలికో.
అరువుకైతే తట్టాల్సింది మనమే.
ఖాళీ గిన్నెతో ఒకరి గడప ముందు నిలబడ్డంలో
సిగ్గు కొంచెం ఉంటుంది. ఉండనీ.
తెచ్చుకునేది పిడికెడే,
ఉడికేది మన నీళ్లలో,
మాడితే తోముకోవాల్సింది మన గిన్నే.

వంటమనిషి నానూలి నా నివేదిక చదివి
"సముద్రపు నాచా? ఎవరు తింటారమ్మా!" అంది.
పెన్సిలుతో కొట్టేసి పక్కన రాసింది:
చిక్కుడు గింజలు, కొత్తిమీర, అక్రోటు పప్పు.
కాసేపు ఆలోచించి,
"టోపీలు మాత్రం ఉంచుదాం. బాగున్నాయి" అంది.
ఆసుపత్రి పాత దుప్పట్లు చింపి
ఇరవైరెండు టోపీలు కుట్టింది.

ఓట్లు ఏడు, ఆరు.
ఒక బడి, ఒక తరగతి, వసంతం దాకా.
డబ్బు అడిగిందాంట్లో సగం.
వద్దని చెయ్యెత్తిన గోచా
మర్నాడు బస్తాడు చిక్కుడు గింజలు పంపాడు,
ఎవరికీ చెప్పొద్దన్నాడు.
ఇదిగో, చెప్పేశాను.

రెండో రోజే గిన్నె జారి
ఒక పిల్ల పాదం ఎర్రగా కందింది.
వాళ్లమ్మ వచ్చి పిల్లను తీసుకుపోయింది.
ఇంకా పంపలేదు. ఆమెను తప్పుపట్టలేను.
ఫారం నా సంచిలోనే ఉంది,
రెండు గీతలూ ఖాళీగా.

ఇవాళ తనిఖీకని వెళ్లి
చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను.
సాబా వచ్చాడు, టోపీ కళ్లమీదకి జారుతోంది,
గరిటె వాడి మోచేతి కంటే పొడుగు.
ఒక గరిటె వేశాడు.
నా గిన్నెలోకి తొంగిచూశాడు.
"చాలా టీచర్, ఇంకొంచెం వెయ్యనా?"

ఆకలి లేదు అనబోయాను.
నాలిక చివరిదాకా వచ్చేసింది మాట.

గిన్నె ముందుకు జరిపాను.