కొండనాలుక

గ్రిమ్స్‌బీలో నవంబరు
నోళ్లు తెరిపించే నెల.
ఫ్రీమాన్ వీధి మందుల షాపులో వెనకగది,
ఒక స్టూలు, పెన్‌టార్చి, గ్లాసులో చెక్కపుల్లలు.
"ఆ... అనండి" అంటాను.
రోజుకు ఇరవై గుహలు చూస్తాను.
ఎర్రటి గోడలు, నడుమ వేలాడే కొండనాలుక,
అటూ ఇటూ కాపలా కూర్చున్న టాన్సిళ్లు.
ఎంత మాటకారికైనా లోపలి సామాను అంతే.

గొంతుకు మార్కులు వేయడం నా ఉద్యోగం.
ఒళ్లు కాలితే ఒకటి,
తెల్లటి చీముమచ్చలకు ఒకటి,
కంది బాగా వాచిపోతే ఒకటి,
మూడు రోజులు దాటకుండా వస్తే ఒకటి.
ఐదోదే నాకిష్టం:
దగ్గూ జలుబూ లేకపోతే ఒకటి.
లేనిదాన్ని కూడా లెక్కలో రాసుకోవాలని
ఈ వయసులో, ఒక కాగితం నేర్పింది.

చాలామంది ఒకటితోనో రెండుతోనో తప్పుతారు.
తప్పి, నాతో పోట్లాడతారు.
ఇది వైరస్ అండీ,
దీనికి యాంటీబయాటిక్ అంటే
ఎవడో చేసిన అప్పుకు
పక్కింటివాడి మంచాలు జప్తు చేయడమే.
ఉప్పునీళ్లు పుక్కిలించండి,
నొప్పికి పారాసెటమాల్,
వేడివేడిగా ఏదైనా తాగండి, పడుకోండి.
వారం పడుతుంది.
"వారం ఎలాగూ పడుతుందిగా, మీరెందుకు మరి?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట,
ఒకసారి ఇంగ్లీషులో చెప్పి చూశాను.
మిసెస్ థర్ల్‌బీ కంగారుగా
తన నాలుక తడుముకుంది.

సోమవారం ఎల్సీ వచ్చింది, ఎనిమిదేళ్లు,
తల్లి కోటు జేబులో చేయి, కళ్లలో జ్వరం.
ఐదుకు ఐదు.
గుండ్రటి పూసలు దండ గుచ్చినట్టుంటుంది ఆ క్రిమి,
పిల్ల గొంతులో కూర్చుని తీరిగ్గా గుచ్చుకుంటోంది.
పెన్సిలిన్ సీసా కుదిపి చూపించాను:
రోజుకు నాలుగుసార్లు, పరగడుపున, ఐదు రోజులు.
మూడోనాటికి గెంతుతుంది,
గెంతిందని ఆపకండి.

ఆమె వెనకే క్యూలో
టెరెన్స్ బ్రాకెల్స్‌బీ.
చేపల రేవులో వేలం వేస్తాడు.
తెల్లవారకముందే మంచుపెట్టెల మధ్య నిలబడి
హాడాక్ ధర గాలిలోకి విసిరే మనిషి.
మా భాషలో వేలాన్ని పాట అంటారని చెబితే
ఆ మధ్య పగలబడి నవ్వాడు.
ఇవాళ నవ్వలేదు. నవ్వబోతే గాలి వచ్చింది.
నిమ్మ బిళ్లల డబ్బా కౌంటరు మీద పెట్టాడు.

నాలుగో డబ్బా.

జ్వరం? లేదు.
నొప్పి? లేదు.
నోరు తెరిస్తే శుభ్రం, కడిగిన గిన్నెలా.
దగ్గు లేనందుకు ఒక్కటే మార్కు.
స్వరం మాత్రం గరుకు కాగితం.
ఎన్నాళ్లుగా?
వేళ్లతో చెప్పాడు, గడియారాలు వెనక్కి తిప్పిన
ఆ ఆదివారం నుంచని.

నా టార్చి కొండనాలుక దాకానే.
స్వరపేటిక ఆ మలుపు కింద, చీకట్లో ఉంటుంది.
జలుబు తెచ్చిన బొంగురు ఇన్నాళ్లుండదు.
డబ్బా నా వైపు లాక్కుని
బిళ్లలు అమ్మను, ఉత్తరం రాస్తానన్నాను.
ఎల్సీ వైపు చూపించాడు:
"దానికి మందిచ్చావు."
అది గుసగుస. అయినా షాపంతా వినబడింది.
మీకేమిటో నాకు తెలియదు,
తెలియకే పంపుతున్నాను అన్నాను.
యాభై ఎనిమిదేళ్లు, సిగరెట్లు మానేసి రెండేళ్లు,
మూడు వారాలు దాటిన బొంగురు...
రాస్తుంటే పెన్ను ఆగింది, విదిలించి రాశాను.

గురువారం ఎల్సీ షాపు ముందు అరుస్తూ పరుగెత్తింది.
"ఇంకా రెండు రోజులు!" లోపల్నుంచి నేనూ అరిచాను.

అతన్ని ఆసుపత్రికి శుక్రవారం రమ్మన్నారు.
ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూస్తారు.
రేవులో ఇప్పుడు అతని అల్లుడు పాడుతున్నాడట,
ధరలు సరిగా పలకడం లేదట.

రాత్రి పళ్లు తోముకుని
అద్దం ముందు నోరు తెరిచాను, టార్చి పట్టుకుని.
ఆ... అన్నాను.
ఎంత వంగినా ఆ మలుపు కనబడలేదు.