రెండు ఆటలు

ఆ రాత్రి అతని ఒంటి మీద జట్టు జెర్సీ లేదట.
కమిటీలో అదే పెద్ద ప్రశ్న అయింది.
రంగులు విప్పేసిన తర్వాత
చెయ్యి ఎవరిది?

ఉత్తర మిన్నెసోటాలో ఫిబ్రవరి.
కారు తలుపు పట్టుకుంటే చర్మం అంటుకుపోయే చలి.
పిజ్జా తెచ్చినతని పేరు అబ్దిరిజాక్.
పేపర్లో ఆ పేరు నాలుగో పేరాలో ఉంది.
మొదటి మూడింట్లో
థోర్‌స్టాడ్ ఈ ఏడు కొట్టిన ఇరవై మూడు గోల్స్.

పావుగంట ఆలస్యమైందని
మెట్ల మీంచి తోశాడు.
గడ్డకట్టిన మెట్లు. మణికట్టు, రెండు చోట్ల.
"జారాడు" అని నలుగురు రాసిచ్చారు,
నాలుగు కాగితాల్లోనూ
ఒకే అక్షరదోషంతో.

ఆ నియమావళి పంచేది నేనే.
ముప్పై ఏళ్ళుగా ఈ ఐస్ రింకు కింద,
సామాన్ల గది కిటికీలోంచి, ప్రతి ఆగస్టులో:
మేజోళ్ళు, పళ్ళకు రబ్బరు తొడుగు, టేపు, ఆ పుస్తకం.
టేపు చాలదని గొడవపడతారు.
పుస్తకం సంగతి ఎవరూ ఎత్తరు.
పదకొండో పేజీలో సంతకం కావాలంటే
ముందున్నవాడి వీపు మీద ఆనించి గీకేస్తారు.
అందుకే ఏ సంతకమూ తిన్నగా ఉండదు,
ఎవడిదో వెన్నెముక దాటుకుంటూ
గతుకుల దారిలో బండిలా పోతుంది.

గురువారం కమిటీ కూర్చుంది.
కాఫీ పెట్టి బయటికొచ్చేశాను.
అబ్దిరిజాక్‌ని పిలవలేదు.
పుస్తకం విద్యార్థులకూ కాలేజీకీ మధ్యదట,
అతనికి అందులో ఉన్నది ఒక్క మాట,
ఆరో పేజీలో, "బయటివారు".

శిక్ష రెండు ఆటలు.
ఒకటి, అట్టడుగున ఉన్న జట్టుతో.
రెండోది మంచు తుఫానుకు రద్దయింది.
రద్దయినదాన్నీ లెక్కలో వేసుకున్నారు.

నవంబర్లో వెండెల్ అనే కుర్రాడు,
బెంచీ దాటి ఎన్నడూ ఆడని రెండో గోలీ,
తిరుగుప్రయాణం బస్సులో ఒక బీరు తాగాడు.
ఏడాది మొత్తం తీసేశారు.
సంచీ అప్పగించడానికొచ్చి
మేజోళ్ళు కూడా ఉతికి మడతపెట్టి ఇచ్చాడు.
గోటితో పోయేదానికి గొడ్డలి.
గొడ్డలి అడిగినదానికి
గోరు, అదీ కత్తిరించిన గోరు.

శుక్రవారం థోర్‌స్టాడ్ వచ్చాడు,
స్కేట్లు బల్ల మీద పెట్టి
"మార్లిస్ గారూ, కాస్త పదును" అన్నాడు.
మర్యాదస్తుడే. ఎప్పుడూ అంతే.
నాకు నిద్రపట్టనివ్వనిది అదే.

రాయి తిరుగుతోంది, నిప్పురవ్వలు మోచేతి దాకా.
లోపలి అంచు
వెంట్రుకవాసి మొద్దుగా వదిలితే చాలు.
రెండో మలుపులో పడతాడు.
ఎవరికీ తెలియదు.
"జారాడు" అని
నేనూ రాసివ్వగలను.

పదును పెట్టాను. రెండంచులూ సమంగా.
మంచితనమేం కాదు.
నా చేతికి మరో రకం పని రాదు,
ఈ వయసులో నేర్పలేను.

రెండో విరామం కాగానే పైన విలేకరుల గదికి పిజ్జాలొచ్చాయి.
తలుపు తీసేసరికి
ఎడమ చేతి మీద ఐదు పెట్టెలు,
కుడిచేతికి వేళ్ళ దాకా పిండికట్టు.
పని మానితే అద్దె ఆగదు కదా.
నన్ను ఎరగడు. నేను ఎరుగుదును.
ఏదో అనాలనుకున్నాను,
నోట్లో టేపు ముక్క ఉంది, పళ్ళతో తెంపుతున్నది.

పెట్టెలు దించి రసీదు తీశాడు.
సంతకం కావాలన్నాడు.
బల్ల నిండా తడి చేతితొడుగులు.
ఆనించడానికి చోటు వెతుకుతుంటే
అతనే, అలవాటైనవాడిలా,
కట్టున్న చెయ్యి చాపాడు.

పైన హారన్ మోగింది, జనం లేచారు,
ఎవరు కొట్టారో అడగలేదు.
కాగితం దాని మీద పరిచి
మెల్లగా, నొక్కకుండా
నా పేరు మొత్తం రాశాను.
ఒక్క అక్షరమూ వంకర పోలేదు.