అతుకు

తప్పు ఒక్క గీత.
కూడిక ఉండాల్సిన చోట తీసివేత.
దిద్దడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది,
అందులో మూడు టీ చల్లారడానికి.

ఋషికొండ మీద మా ఆఫీసు అద్దాల్లోంచి చూస్తే
సముద్రం ప్రతి అలనీ కొట్టేసి మళ్లీ రాసుకుంటుంది,
ఎవరి అనుమతీ అడగదు.
మేం అడగాలి.

పోయినేడాది ఆటని డిస్కుల్లో అమ్మేశాం.
డిస్కంటే శిలాశాసనం, ఉలి ఇక మన చేతిలో ఉండదు.
దాని మీద మొదటి అతుకు, దాని మీద రెండోది,
ఆ పైన, ఎండాకాలంలో, మూడొందల తొంభైతొమ్మిదికి
ఒక దీవి అమ్మాం.
దీవిలో దీపస్తంభం, దీపస్తంభానికి కాపలావాడు,
కాపలావాడికో కుక్క.
నాలుగో అంకం ముగించకుండా దీవి కొన్నవాళ్లకి
తలుపు తెరుచుకోదు.
తడితే లోపల్నుంచి కుక్క మాత్రం మొరుగుతుంది.

గీత దిద్దాను. దిద్దితే?
దీవి కొననివాళ్ల ఆట లేని దీవిని వెతుక్కుంటూ బిగుసుకుపోయింది.
కొన్నవాళ్లలో అతుకు ముందు దిగినవాళ్లకి ఒక జబ్బు,
దీవి ముందు దిగినవాళ్లకి ఇంకో జబ్బు.
సోదికెళ్తే పాత బాగోతం బయటపడ్డట్టు
రెండో అతుకులో ధర్మతేజ "తాత్కాలికం" అని రాసి దాచిన
పదిహేను వరసలు బయటపడ్డాయి.
వాడిప్పుడు భీమిలిలో రొయ్యల మేత అమ్ముతున్నాడు.
ఫోన్ చేస్తే "అదింకా ఉందా!" అని ముచ్చటపడ్డాడు.

కన్సోల్ కంపెనీవాళ్ల పరీక్షకి పంపాం.
పదకొండు రోజులకి తిరిగొచ్చింది.
తలుపు ఊసే లేదు.
ఎక్కడో ఒక వాక్యంలో వాళ్ల మీట పేరు తప్పు రాశామట.
మళ్లీ వరస చివర నిలబడ్డాం,
రేషన్ షాపులో సంచీ మర్చిపోయి ఇంటికెళ్లొచ్చినవాళ్లలా.

ఈలోగా గనగళ్ల ఎల్లాజీ, పోర్టులో క్రేను డ్రైవరు.
"సేవ్ చెరిపేసి మొదట్నుంచి ఆడండి సార్" అని
ప్రియంవద పంపిన అచ్చుగుద్దిన జవాబుకి
గొంతు రికార్డు చేసి పంపాడు:
"డెబ్బై రెండు గంటలమ్మా.
నైటు డూటీ దిగొచ్చి, పిల్లలు లెగకముందు ఆడినియ్యి.
అడుగు డబ్బాలో అరిటిపళ్లు కుళ్లినాయని
పైనున్న అయిదు డబ్బాలూ సముద్రంలోకి తోసేత్తామేటి?
పక్కనుంచి సూడాల."

మూడుసార్లు విన్నాను.
ఆ రాత్రి తలుపు జోలికి పోలేదు.
దిద్దిన గీతని మళ్లీ తప్పుగానే రాసేశాను.
దీపస్తంభం వెనక, ఉప్పుగాలికి పెచ్చులూడిన చోట
గోడ కాస్త జరిపి
ఒక తాడు నిచ్చెన వేలాడదీశాను.
ఎవరికీ అనుమానం రాకుండా
కాపలావాడి నోట ఒక మాట పెట్టాను:
"తాళంచెవి పోయి చాన్నాళ్లయింది. వెనకనుంచి రండి."

అతుకు మొత్తం కలిపి అరపేజీ.
దింపుకోవాల్సింది ఆరు జీబీ.
దీవంతా ఒకే మూట మరి,
ఒక్క చీర తీయాలన్నా మూటంతా విప్పి మళ్లీ కట్టాలి.
మల్కాపురంలో ఎల్లాజీ ఇంటి నెట్టుకి
రాత్రంతా పట్టిందట.

తెల్లారి కబురొచ్చింది.
"ఎక్కేసినానమ్మా. పైనుంచి బాగా కనబడతంది.
కుక్క మాత్రం నీళ్ల మీద నడుత్తంది."

తెరిచి చూశాను.
గోడతోపాటు కుక్క తిరిగే హద్దు కూడా జరిగింది,
రెండడుగులు, సముద్రంలోకి.
దిద్దడానికి నాలుగు నిమిషాలు.
ఆ తర్వాత పదకొండు రోజులు,
తర్వాత ఆరు జీబీ.

దిద్దమంటారా అని అడిగాను.
చాలాసేపు జవాబు లేదు, డూటీ ఎక్కినట్టున్నాడు.
ఇక్కణ్ణుంచి పోర్టు కనబడదు, కైలాసగిరి అడ్డం.
టీ మళ్లీ చల్లారింది.

మధ్యాహ్నం దాటాక ఒక్క ముక్క:
"వద్దులెండమ్మా. పిల్లలు దానికి పేరెట్టేసినారు."