రెండో ప్లగ్గు

ఉమ్ అల్ కువైన్ల, ఖోర్ ఒడ్డు రేకుల షెడ్డు కింద
శుక్రవారం నాలుగింటికే పని మొదలువెట్టినం.
ఎండెక్కితే పడవ పెనమైతది,
మన చెయ్యి అట్టయితది.

పడవ నాది కాదు, ముబారక్ తాతది.
పన్నెండేండ్లు ఇసుకల బోర్లపడి
మేకలకు నీడైన అల్యూమినియం పడవ.
మూడు నెలల శుక్రవారాలు మింగింది.
నిండ నీళ్లు పోసి, కారిన రివెట్టుకల్లా
సుద్దతోని సున్న చుట్టిన.
నలభై ఒక్క సున్నలు.
బడిల గూడ నాకు గన్ని రాలే.

వెనక చెక్కల స్క్రూడ్రైవర్ పెడితే
తడి బెల్లంల దిగినట్టు దిగింది.
కొత్త ప్లైవుడ్ కోసి, అంచులకు రెసిన్ తాపి
బిగించి, రెండు సార్లు తుడిచి, మురిసిన.

మోటారు ఎర్రయ్య తెచ్చిండు.
భావనపాడు రేవుల పుట్టినోడు, అలల భాష వచ్చినోడు.
నేను కోరుట్ల దిక్కు వెల్డర్ని,
ఎస్సారెస్పీ కాలువ కంటె పెద్ద నీళ్లు
విమానం కిటికీలకెల్లి మొదటిసారి చూసినోణ్ణి.
నలభై గుర్రాల యమహా, టూ స్ట్రోకు,
నా కంటె మూడేండ్లు పెద్దది.
తుక్కు యార్డుల తూకానికి దొరికిందట.
"ఇనుము రేటుకి గుండెకాయిచ్చినాడ్రా!"

ఇద్దరం ఎత్తి చెక్క మీద కూసోబెట్టినం.
కూసోలే.

కాలు పొట్టి. ఐదంగుళాలు.
ఫంకా మీది రేకు పడవ అడుగుకు సమానం రావాలె,
పైకుంటే ఫంకా నీళ్లను కాదు, గాలిని కొరుకుతది.
"ఏటి సేత్తాం?" అన్నడు ఎర్రయ్య.
మోటారు కాలు సాగదు.
తగ్గాల్సింది పడవే.
మొన్న బిగించిన చెక్క, మొన్న అతికిన కుట్టు.
గ్రైండరు పట్టుకొని
ఒక్క సులేమాని తాగేంత సేపు ఉత్తగ నిలబడ్డ.
కోసిన.

బోల్టు బోల్టుకు నైలాన్ వాషరు వేసిన.
ఉప్పు నీళ్లల్ల రెండు లోహాలు ముట్టుకుంటే
మెత్తనిదే ముందు తినబడతది.
అందుకే అడుగున ఒక జింకు ముక్క కట్టినం,
దాని పని అరిగిపోవుడే.
ఎర్రయ్య దాన్ని రెండు సార్లు తట్టి, ఏం అనలే.

ఆఖరికి ఇంజను మూత తీసిన.
లోపలి దిక్కు, మసి కింద, మేకుతో గీకిన తెలుగు:
"రెండో ప్లగ్గు మొండిది. కాల్చి పెట్టు."

పేరు లేదు. ఊరు లేదు. తేది లేదు.
"మావోడే" అన్నడు ఎర్రయ్య.
"గట్లెట్ల? మావోడే" అన్న నేను.
పెట్టు అనే మాట రెండు దిక్కులా ఉన్నది గదా.
చానా సేపు కొట్లాడి
గోదావరోడై ఉంటడని రాజీపడ్డం.

నీళ్లల్లకు దింపినం.
రబ్బరు బుడ్డి గట్టిపడేదాక పిసికి, చోకు గుంజి, తాడు లాగిన.
పదకొండు సార్లు.
ముబారక్ తాత తస్బీ ఆపిండు.
రెండో ప్లగ్గు విప్పి, సిగరెట్ లైటర్ కింద పట్టి,
వేళ్లు కాలుతుంటె మళ్ల బిగించి
లాగిన.

నీలి పొగ. ఒక దగ్గు. ఇంకో దగ్గు.
అటెన్క ఆగకుంట మోత.
మా ముగ్గురి కండ్లూ వెనక చిన్న బొక్క మీదనే,
నీళ్లు రావాలె అక్కడికెల్లి, లేకుంటే ఇంజను కాలుతది.
ఒకటి, రెండు, మూడు... తొమ్మిది.
సన్నగ, వంకరగ, చంటిపోరడు పోసినట్టు
వచ్చింది ధార.
తాత అరబ్బీల ఏదో అని, గుత్రాతో మొకం తుడుసుకుండు.

వాళ్లిద్దరు మడ చెట్ల మలుపు దాక పోయొచ్చిండ్రు.
నేను ఎక్కలే. ఈత రాదు.
కొరికింది నీళ్లనే, గాలిని కాదు,
మోత వింటేనే ఎరుకైంది.

ఆరినంక మూత మళ్ల తీసి
ఆ అక్షరాల కింద, మేకుతోనే గీకిన:
"ఇంకా మొండిదే."

"పేరు రాయవేటి?" అన్నడు ఎర్రయ్య.
"ఆయన రాసిండా?" అన్న.
క్లిప్పు నొక్కిన.