పదహారు నలుపులు

నొక్కితే గాలి.
వెనక్కి లాగితే రంగు.
ఈ రెండు ముక్కలు వేలికి ఎక్కడానికి
దాసన్నపేట మేడ మీది గదిలో
నాకొక వానాకాలం పట్టింది.

అంతకుముందు పదకొండేళ్లు
షెడ్డులో ఆటోలకి రంగు కొట్టాను.
ఆ గన్ను పట్టుకుంటే మోచేయి దాకా అదురు,
ఒక్క ఊపుకి తలుపంతా పసుపు.
ఇది వేరు.
పెన్ను కన్నా కాస్త బరువు.
దీని సూది మొన నా కంటికి ఆనదు,
వంకర పోయిందో లేదో
బొటనవేలి గోటి మీద గీసి తెలుసుకోవాలి.

కొనేటప్పుడు పంతానికి పోయాను.
సూది ఎంత సన్నమైతే అంత పనితనమనుకొని
పాయింట్ టూ అడిగాను.
కొట్టులో సన్యాసిరావు కళ్లజోడు పైకి నెట్టి
"ఏటమ్మా, దోమకి గోరింటాకు పెడతావేటి?
మన ఎండలకి రంగు దాని నోట్లోనే ఎండిపోద్ది.
పాయింట్ త్రీ అట్టుకెల్లు.
సన్నం సూదిలో నేదు, నీ ఏల్లో ఉంటాది" అన్నాడు.
వినలేదు.
నెల తిరక్కుండా తలొంచుకుని వెళ్లి మార్చుకున్నాను.
మూడొందలు కోసుకున్నాడు, టీ తాగించాడు.

రంగు పాలలా పలచగా ఉండాలి.
మరీ నీళ్లపాలైతే బొమ్మ మీద సాలీడు కాళ్లు పరుస్తుంది.
దగ్గరికెళ్తే గాలి తగ్గించాలి.
ముసురు రోజుల్లో గొట్టంలో చేరిన తడిని
గంటకోసారి వంచెయ్యాలి,
లేకపోతే ఆరిన బుగ్గ మీద తుమ్ముతుంది.
కింది వాటా ఆవిడ కంప్రెసర్ చప్పుడు విని
పిండిమర పెట్టాననుకొని
చోళ్ల డబ్బాతో మెట్లెక్కి వచ్చింది ఒకరోజు.

గజపతినగరం అవతల నుంచి గవరయ్య వచ్చాడు.
తప్పెటగుళ్ల దళం. పదహారు మంది.
ఒకటిన్నర అంగుళం బొమ్మలు,
గుండెల మీద రేకు గుళ్లు, కాళ్లకి గజ్జెలు.
గజ్జెలు పదిరోజులు తిన్నాయి నన్ను.
ఒళ్లు మాత్రం ఒక్క పూటలో అయిపోయింది:
గిన్నె నిండా ఒకే రంగు కలిపి
వరసగా నిలబెట్టి కొట్టేశాను,
ఆటోలకి కొట్టినట్టే.

గవరయ్య చూశాడు. చాలాసేపు చూశాడు.
"ఈలెవులు?"
"మీ దళమే గదా."
"మా దళం పదారుమందమ్మా.
ఇక్కడ ఒక్కడే పదారుసార్లు ఉన్నాడు."

గట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు.
సూరయ్యది జీడిపిక్క నలుపు.
అడివిరాముడు వాన తడిసిన గొంగడి.
పెంటయ్య చోడంబలి, కాస్త మజ్జిగ పడ్డది.
ఎర్రప్పడు పేరుకే ఎరుపు, కాల్చిన చింతగింజ.
కోటేసు నేరేడుపండు, తుడవనిది.
"నాను?" అని తన చెయ్యి తానే తిప్పి చూసుకున్నాడు,
"బెల్లంపాకం మాడితే నాను."

అన్నీ తుడిచి మళ్లీ మొదలుపెట్టాను.
ముందు గాలి, తర్వాత రంగు.
ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి.
వెంట్రుకవాసి లాగి వదిలితే
భుజం ఎముక మీద ఎండ పడింది.
ఇంకొంచెం లాగితే డొక్కలో సాయంత్రం.
రెండుసార్లు ఊపిరి బిగబట్టి
మూడోసారి దగ్గొచ్చి సూరయ్య చెవి పోగొట్టాను.

పదిహేను అయ్యాయి.
పదహారోవాడు సింహాలు, నిరుడు పోయాడు.
ఫోన్ చేసి అడిగాను.
"మొకం గురుతుంది. రంగు గురుతు నేదు.
ముప్పయ్యేల్లు నా ఎనకాలే ఆడీవోడు.
ఆడి సప్పుడే ఎరుగుదును" అన్నాడు,
ఆపై ఫోన్లోనే బల్ల మీద వేళ్లతో వాయించాడు,
తక్కినవాళ్ల కన్నా అరమాత్ర ఆలస్యంగా.

చిన్న సీసాల అడుగున
పదిహేను నలుపులూ తలా ఒక బొట్టు మిగిలాయి.
అవే గిన్నెలోకి ఒంపాను.
ఎందుకో అడక్కండి,
పారబొయ్యబుద్ధి కాలేదు, అంతే.

తీసుకెళ్లే రోజు గవరయ్య రంగు గురించి ఏమీ అనలేదు.
పెట్టెలో అందరినీ సర్ది,
సింహాల్ని మటుకు బయటికి తీసి
తన బొమ్మ వెనక పెట్టుకున్నాడు.

నేను నాజిల్‌కి వేలు అడ్డుపెట్టి మీట లాగాను.
గిన్నెలో నీళ్లు బుడబుడమన్నాయి.
మూడుసార్లు కడిగినా
కొంచెం నలుపు వస్తూనే ఉంది.