ఒకటిన్నర మాత్రల మౌనం

కూర్చో, కాలమ్. కోటు విప్పకు,
హీటరుకి ఇంకా తెల్లారలేదు.
ఈ పియానోలో కుడి చివర మూడో తెల్లమెట్టు పలకదు,
అది వచ్చినప్పుడు మనసులో వేసుకో.
సోమవారం నుంచి ఈ కర్ర నీది.
ఇరవై ఆరేళ్ళు దీంతో గాలిని కోశాను,
ఇప్పుడు భుజం మొరాయిస్తోంది.

త్రెల్‌ఫాల్ కాగితం మీద అమాయకుడు.
బడిపిల్లలు వానలో పాడుకుంటూ పోయే పాటలా
సాదాగా కనిపిస్తాడు.
వేళ్ళు పెట్టాక తెలుస్తుంది
చీకట్లో దిగుతున్న మెట్లలో ఒకటి లేదని.

ఇదిగో, ఫెర్రీ రేవులో టికెట్లమ్మే పిల్ల పాట.
"నాకేం బాధ లేదు" అంటుంది.
అవునవునని తలలూపుతూ వస్తాయి వయొలిన్లు.
క్లారినెట్ ఒక్కటే రాదు.
అరస్వరం కింద ఆగిపోయి
పక్కింటి ముసలమ్మలా చూస్తూంటుంది,
అంతా తెలిసీ, ఏమీ అనక.
వాయించే బెరిల్ మంచిదే గానీ కాస్త ఉత్సాహం ఎక్కువ,
గట్టిగా ఊదనివ్వకు.
నిజం పక్క గదిలోంచి వినపడితే చాలు.

ఇక్కడ శ్రుతి పెరుగుతుంది.
చప్పట్ల కోసం పెంచేవాళ్ళని చాలామందిని చూశాను.
ఇతనికి ఆ సరదా లేదు.
అబద్ధమాడేవాడి గొంతు
తనకి తెలియకుండా ఒక మెట్టు ఎక్కుతుంది చూడు,
అదీ ఈ పెంపు.

రెండో అంకంలో తండ్రి బూట్ల లేసు విప్పుకుంటాడు.
ఆ నాలుగు ఆవర్తాలూ తిప్పుతూ ఉండు,
ఒక్కో రాత్రి ముడి పడుతుంది.
పడనీ.
జనం దగ్గడం మొదలుపెడతారు. పెట్టనీ.
నువ్వు మాత్రం అతని వేళ్ళు చూడు, కాగితం చూడకు.

ఇక నలభై మూడు.
"తిరిగి" అంటుంది పిల్ల.
ఒకటిన్నర మాత్రల మౌనం.
"వస్తా" అంటుంది.
బుద్ధున్నవాడెవడూ అక్కడ పాటని విరవడు.
ఆ విరుపు మీద బతికాను నేను.
అందులో సందేహం ఉందన్నాను,
నది మొత్తం అందులోనే ఉందన్నాను.
కాలేజీల్లో నల్లబల్ల మీద వలయం గీసి చూపించాను,
పదకొండు పేజీల వ్యాసం రాశాను.
పిల్లలు నోట్సు రాసుకున్నారు, పాపం.

పోయిన మార్చిలో ఆయన మేనల్లుడు
బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు.
మొదటి ప్రతి. అంచులు ఎలుకలు కొట్టేశాయి.
నలభై మూడో ఆవర్తం కింద పెన్సిలుతో,
సరుకుల చీటీ రాసినట్టు:
"నోరీన్ ఇక్కడ ఊపిరి తీసుకోవాలి."

నోరీన్ క్విగ్లీ. ఈ పాట మొదట పాడిన మనిషి.
పగలు చక్కెర మిల్లులో గోనెలు కుట్టేది,
రాత్రి మన స్టేజి.
ఆ దుమ్ముకి ఉబ్బసం.
ఒక్క ఊపిరికి ఈ చరణం అందేది కాదు.
పిల్లని మార్చమన్నాడట నాటకానికి డబ్బు పెట్టినవాడు.
త్రెల్‌ఫాల్ ఆవర్తాన్ని మార్చాడు.

నవ్వొచ్చింది మొదట.
తర్వాత పిట్ మెట్ల మీద కూలబడిపోయాను,
దీపాలార్పేవాడొచ్చి లేపేదాకా.
నా పదకొండు పేజీలూ తప్పని కాదు నా బాధ.
అవి ఒప్పుగానే ఉన్నాయి ఇప్పటికీ,
ఆ మౌనంలో నది ఉంది, సందేహమూ ఉంది.
కానీ వాటికంటే ముందు
స్టూలు మీద ఒక అమ్మాయి ఉంది,
ఛాతీ మీద చెయ్యేసుకుని.

ఆ తర్వాత ఎంతమంది పాడారో ఈ పాటని.
గుర్రాల్లాంటి ఊపిరితిత్తులున్న పిల్లలు,
రెండు చరణాలు ఏకధాటిగా లాగగలిగినవాళ్ళు.
అందరూ అక్కడికొచ్చి ఆగారు.
ఎవరి ఆయాసమో తెలియకుండానే
దాన్ని తీర్చి వెళ్ళారు.

సోమవారం వచ్చే కొత్తమ్మాయికి చెప్పాలా వద్దా,
నన్నడక్కు.
ఒకసారి చెప్పాను, ఆ పిల్ల ఆయాసం నటించింది.
ఘోరంగా ఉండింది.
మౌనాన్ని లెక్కపెట్టకు, అది చాలు.
ఆమె భుజాలు దిగేదాకా కర్ర ఎత్తే ఉంచు.

వేళ్ళు వెచ్చబడ్డాయా?
మొదటినుంచి వాయించు.
వద్దులే,
నలభై రెండు నుంచి.