ఇరవై ఎనిమిది కీళ్లు

నా పని లెక్కపెట్టడం.
భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు,
వేళ్ల మొదళ్లు పది, నడిమి కణుపులు పది,
ఆఖర్న మోకాళ్లు.
ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కుతాను
నా గోరు తెల్లబడేదాకా.
అంతకు ఎక్కువ నొక్కకూడదు, తక్కువా కూడదు.
ఇంతకంటే నాజూకైన త్రాసు మా దగ్గర లేదు.
"నొప్పా?" అంటాను.
అవునంటే ఒకటి, కాదంటే సున్నా.

బెర్గెన్‌లో వాన పడుతోందని
ఎవరూ ఎవరికీ చెప్పరు.
ఆగితేనే ఫోన్ చేసి చెప్పుకుంటాం.
గున్‌వోర్ తడుస్తూనే వచ్చింది.
గొడుగు పిడి పట్టుకోలేక
ఆ అలవాటే పోయిందట.

ముప్పై ఒక్కేళ్లు ఈ కొండవాలు సందుల్లో
చెక్కమెట్లెక్కి ఉత్తరాలు పంచిన మనిషి.
మా పరిశోధనలో నూట పన్నెండో నంబరు.
సూదిలో ఉన్నది మందో ఉత్త ఉప్పునీళ్లో
ఆమెకు తెలీదు, నాకూ తెలీదు.
ట్రోన్‌హైమ్‌లో ఒక కంప్యూటర్‌కి తెలుసు,
అది నోరు విప్పదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆ వేళ్లు
ఉడికించిన రొయ్యల్లా ఎర్రగా ముడుచుకుని ఉన్నాయి.
కంచే చేను మేస్తున్న ఒళ్లు.
ఇవాళ సున్నా. సున్నా. మళ్లీ సున్నా.
ఇరవై ఎనిమిదీ సున్నాలే.
డాక్టర్ హాల్వార్ తలుపులోంచి తొంగిచూసి
"జబ్బు నిద్రపోయింది, అభినందనలు" అన్నాడు.
కాఫీ కూడా తెప్పించాడు.

ఆమె కాఫీ పక్కన పెట్టి
సంచిలోంచి వంటింటి పట్టకారు తీసింది.
దాంతో పట్టి, లాగి, తడి ఉన్ని మేజోళ్లు విప్పింది.
ఎవరూ విప్పమనలేదు.
"వీటిని నొక్కవా?"

"పాదాలు లెక్కలోకి రావు" అన్నాను.
అనేశాక
ఆ మాట గదిలోనే ఉండిపోయింది.

ఎందుకు రావో నాకు తెలుసు.
బూట్లు విప్పాలి, మళ్లీ తొడగాలి, బయట వరస పెరుగుతుంది.
చాలామందిలో చేతులు చెప్పిందే కాళ్లూ చెబుతాయి.
'చాలామందిలో'.
మా శాస్త్రమంతా ఆ ఒక్క మాట మీద
కాలు ముడుచుకుని కూచుంది.

"చేతులు ఉత్తరాన్ని పెట్టెలో వేశాయి, అంతే.
మోసినవి ఇవి" అంది గున్‌వోర్.
"నేనూ లెక్కపెట్టేదాన్నే.
చర్చి వెనక సందులో మూడో ఇంటికి తొంభై నాలుగు మెట్లు.
పొద్దున మంచం దిగాక మొదటి అడుగుకి
పదకొండు నిమిషాలు కూడగట్టుకోవాలి.
బూట్లో గులకరాయి పడిందని రోజూ దులుపుతాను.
రాయి బూట్లో లేదు."

నొక్కాను.
నా గోరుతోపాటు ఆమె పెదాలూ తెల్లబడ్డాయి.
ఎడమవైపు నాలుగు. కుడివైపు అయిదు.
ఫారంలో వాటికి గడి లేదు,
అంచున పెన్సిల్‌తో రాశాను.
అంచున రాసింది కంప్యూటర్‌కి ఎక్కదు.

"ఆట మధ్యలో కొలబద్ద మార్చకూడదు" అన్నాడు హాల్వార్.
నిజమే, మారిస్తే మందు చెప్పేది వినపడదు.
"తర్వాతి పరిశోధనకి?" అన్నాను.
కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.
"ఆమెనే రమ్మను. మా బల్ల దగ్గర కూచుని తనే చెప్పాలి."
"మెట్లెక్కి రావాలిగా, మీ గది మూడో అంతస్తు."
ఆ మాటకి అతను నవ్వలేదు.

కిటికీలోంచి చూశాను.
కమ్మీ పట్టుకుని, ఎండ్రకాయలా పక్కకి,
ఒక్కో మెట్టూ దిగుతోంది.
మలుపులో ఆగింది.
పైకి చూసి చెయ్యెత్తి
పిడికిలి పూర్తిగా ముడిచి, పూర్తిగా తెరిచింది,
పసిపిల్ల కొత్తగా నేర్చుకున్నట్టు.
ఆ పిడికిలి నిజం. బహుశా అది మందు చలవే.
ఆ ఆగడమూ నిజం.

తలుపు చప్పుడయింది. నూట పదమూడు.
పెద్దాయన, చేతులు ముందుకు చాపుకునే వచ్చాడు,
అలవాటు పడినవాడు.

"ముందు బూట్లు విప్పండి" అన్నాను.